కార్డులో తేదీ, ఒంట్లో టీకా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ముందు 'ఇంజనీరింగ్ రంగంలో అవకాశాలు' అని అడిగారు. ఆ విషయం పిల్లలకు నాకన్నా వాళ్ళ ఫోన్లే బాగా చెబుతాయి అన్నాను. మరి దేని గురించి మాట్లాడతావని అడిగితే, కుక్కల టీకాల గురించి అన్నాను. ఫోన్లో అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మన కార్యదర్శి, నా పక్క బెంచీవాడే, "ఏందబ్బయా, ముప్పై ఏళ్ళు కరెంటు డిపార్టుమెంటులో చేసి ఇప్పుడు కుక్కల డాక్టరువి అయినావా?" అన్నాడు. కాలేదు. ఈ విషయంలో నేను ఒక తప్పు చేశాను. దాన్ని అర్థం చేసుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. అదే మీతో చెప్పుకుందామని వచ్చాను.

మొదట మన బడిలో జరిగిన సంగతి. 1981. నేను ఏడో తరగతి. పట్టపుపాలెం నుంచి నడిచొచ్చే మన తోటివాణ్ణి ఒకణ్ణి బకింగ్‌హామ్ కాలవ కట్ట మీద కుక్క కరిచింది. పిక్క మీద రెండు గాట్లు. వాడు ఇంట్లో చెప్పలేదు. పసుపు, సున్నం అద్దుకుని బడికొచ్చేశాడు. సైన్సు సారు చూశారు. సబ్బు తెప్పించి బోరింగు కింద పావుగంట కడిగించారు. తర్వాత సైకిలెక్కించుకుని బస్సు దాకా, అక్కణ్ణించి నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నారు, రోజుకొకటి. ఇప్పటి పిల్లలకిది కథలా ఉంటుంది గానీ మా తరానికి అదే టీకా. డేవిడ్ సెంపుల్ అనే ఆయన కసౌలిలో 1911లో తయారుచేసిన పద్ధతి. గొర్రె మెదడులో వైరస్‌ను పెంచి, ఫినాల్‌తో చంపి ఇచ్చేవాళ్ళు. కొందరికి ఆ టీకాతోనే నరాలు దెబ్బతినేవి. మన దేశంలో దాన్ని ఆపింది 2004 చివర్లో. అంటే నిన్నగాక మొన్న.

సారు మా తరగతి తలుపు లోపలివైపు సుద్దముక్కతో పద్నాలుగు గీతలు గీశారు. వాడు సూది వేయించుకుని వచ్చిన రోజల్లా ఒక గీత కొట్టేయాలి. కొట్టేసే పని నాది. పద్నాలుగో గీత కొట్టేసిన రోజు తరగతంతా చప్పట్లు కొట్టాం. వాడు బతికాడు. ఇక్కడే ఉన్నాడు, మూడో వరసలో కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నాడు. ఆ రోజు నుంచి నా బుర్రలో ఒక లెక్క నాటుకుంది. గీతలు పూర్తయితే భయం లేదు. టీకా వేయించామా, కొట్టేశామా, అంతే.

ఆ లెక్క 2009లో తప్పింది.

అప్పుడు నెల్లూరులో ఉండేవాళ్ళం. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. కుక్కపిల్ల కావాలని ఏడాది పాటు ప్రాణం తీస్తే ఒక లాబ్రడార్ పిల్లను తెచ్చాం. నలభై అయిదు రోజుల పిల్ల. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే కార్డు ఇచ్చారు. మొదటి టీకా వేశారు. మూడు వారాలకు రెండోది వేశారు. మూడోది ఫలానా రోజుకు తీసుకురండి అని కార్డులో తేదీ కూడా రాశారు. ఆ వారం నాకు సబ్‌స్టేషన్‌లో షట్‌డౌన్ పని. ఇంట్లో గుర్తు చేశారు. "రెండు పడ్డాయిగా, వచ్చే నెల చూద్దాంలే" అన్నాను. వచ్చే నెల కూడా పని తెమల్లేదు. పిల్లకు నాలుగు నెలలు దాటుతుండగా ఒక రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు వాంతులు, ఆ తర్వాత రక్త విరేచనాలు. పార్వో. సెలైన్లు ఎక్కించారు, డాక్టరు రాత్రి తొమ్మిదింటి దాకా ఉన్నారు. నాలుగో రోజు తెల్లవారుజామున పోయింది.

మా అమ్మాయి ఒకటే అడిగింది. "టీకా వేయించాం కదా నాన్నా?"

నేనప్పుడు డాక్టర్ని అన్నాను, టీకాను అన్నాను, అమ్మినవాణ్ణి అన్నాను. కార్డు తీసి చూపించాను కూడా, రెండు సంతకాలున్నాయి చూడండి అని. ఆయన కార్డులో మూడో గడి మీద వేలు పెట్టి ఊరుకున్నారు. ఆ గడి ఖాళీగా ఉంది.

అయినా నాకో సందేహం మిగిలింది. రెండు సూదులకు ఎంతో కొంత రక్షణ ఉండాలి కదా, ఏమీ లేకుండా ఎలా పోతుంది? దీనికి జవాబు మన పల్లెటూరి వాళ్ళకు సగం తెలిసిందే. జున్నుపాలు. ఈనిన గేదె మొదటి పాలను దూడకు తాగించకపోతే దూడ నిలవదని మన అమ్మమ్మలు చెప్పేవాళ్ళు. కుక్కపిల్లకైనా అంతే. పుట్టిన మొదటి రోజు తాగే ఆ పాలతో తల్లి రక్తంలో ఉన్న యాంటీబాడీలు, మన సైన్సు సారు మాటల్లో ప్రతిరక్షకాలు, పిల్ల ఒంట్లోకి వస్తాయి. అవి అరువు రక్షణ. పది రోజులకొకసారి సుమారు సగానికి తగ్గిపోతూ వస్తాయి. ఒక పిల్లలో ఎనిమిది వారాలకే అయిపోవచ్చు, ఇంకో పిల్లలో పదహారు వారాల దాకా ఉండొచ్చు. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో కూడా తేడా ఉంటుంది.

ఇక్కడే చిక్కు. ఈ అరువు యాంటీబాడీలు జబ్బునే కాదు, మనం వేసిన టీకాను కూడా అడ్డుకుంటాయి. టీకాలో ఉన్న బలహీనపరచిన వైరస్‌ను శత్రువనుకుని పట్టేస్తాయి. పిల్ల ఒళ్ళు సొంతంగా నేర్చుకునే అవకాశమే రాదు. కార్డులో సంతకం పడుతుంది, ఒంట్లో ఏమీ పడదు. కొన్నాళ్ళకు అరువు అయిపోతుంది. అప్పుడు పిల్ల అటు తల్లి రక్షణ లేక, ఇటు సొంత రక్షణ లేక మిగులుతుంది. మా పిల్లకు ఆరు వారాలకూ తొమ్మిది వారాలకూ వేసిన రెండూ బహుశా అలాగే పోయి ఉంటాయి. అందుకే ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాల్లో, మొన్న 2024లో ఇచ్చిన వాటిలో కూడా, ఒక మాట గట్టిగా ఉంటుంది. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి వేస్తూ పోయి, చివరి టీకా మాత్రం పదహారు వారాల వయసులోగానీ ఆ తర్వాతగానీ పడాలి. నేను వాయిదా వేసిన ఆ ఒక్క గడే అసలైన టీకా. ముందటి రెండూ, అరువు తొందరగా అయిపోయిన పిల్లల కోసం.

పార్వో గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఈ జబ్బు వయసు ఇంచుమించు మన బడి వయసే. 1978కి ముందు ప్రపంచంలో ఎవరికీ తెలియదు. పిల్లుల్లో ఉండే ఒక వైరస్‌కు దగ్గర బంధువు, కుక్కల్లోకి వచ్చి రెండేళ్ళలో ఖండాలన్నీ చుట్టేసింది. 1980ల మొదట్లోనే మద్రాసులో కనిపించింది. మట్టిలో నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతుకుతుంది. అందుకే, ఆ ఇంట్లోకి ఏడాది పాటు ఇంకో చిన్న పిల్లను తేవద్దన్నారు. మేము ఏడేళ్ళు తేలేదు. అది వైరస్ భయం కాదు లెండి.

ఇప్పుడు నా ఉద్యోగం సంగతికి వస్తాను, ఒక్క నిమిషమే. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ నిండా నూనె ఉంటుంది. వేడిని తీసుకుపోవడానికి, కరెంటు దూకకుండా అడ్డం ఉండడానికి. మా సర్వీసు మొదట్లో పెద్దవాళ్ళు ఇన్నేళ్ళకొకసారి ఫిల్టరు పట్టాలి అని డైరీ చూసి చేయించేవాళ్ళు. తర్వాత పద్ధతి మారింది. అడుగున కుళాయి తిప్పి నూనె పట్టుకుంటాం. రెండున్నర మిల్లీమీటర్ల ఎడంతో రెండు గుండ్లున్న గిన్నెలో పోసి, ఓల్టేజీ పెంచుకుంటూ పోయి ఎక్కడ మెరుపు దూకుతుందో చూస్తాం. దానికి తట్టుకుంటే నూనె బాగున్నట్టు, ఇంకో ఏడాది కదిలించం. తట్టుకోకపోతే డైరీలో తేదీ రాకపోయినా ఫిల్టరు పెడతాం. పదేళ్ళయినా బాగున్న నూనెను చూశాను. కొత్తగా పోసిన ఆరు నెలలకే తేమ పట్టిన నూనెనూ చూశాను, మన సముద్రపు గాలి అలాంటిది. రొయ్యల చెరువులున్నవాళ్ళు నవ్వుతున్నారు, వాళ్ళకిది తెలుసు. 1990లలో తెల్లమచ్చ వైరస్ ఈ తీరాన్ని ఊడ్చేశాక, హేచరీ నుంచి వచ్చిన పిల్లకు పీసీఆర్ టెస్టు చేయించకుండా ఎవరూ చెరువులో వదలడం లేదు. హేచరీ వాడు ఇచ్చిన కాగితాన్ని నమ్మరు, పిల్లనే పరీక్ష చేయిస్తారు.

మరి కుక్క విషయంలో అలా ఎందుకు చేయకూడదు? చేయొచ్చు. 2016లో నాకది తెలిసింది.

అప్పటికి మా బావమరిది రొయ్యల చెరువు దగ్గర నాటుకుక్క ఈనింది. మా అమ్మాయి పదో తరగతిలోకి వచ్చింది. "ఈసారి గళ్ళన్నీ నేనే నింపుతా" అని ఒక ఎర్రపిల్లను తెచ్చుకుంది. మూడు టీకాలూ వేయించాం, చివరిది సరిగ్గా పదహారు వారాలకు. అయినా నాకు నిద్ర పట్టదు కదా. చెన్నైలో ఒక పశువైద్యుణ్ణి అడిగితే, "అయిదు వారాలాగి తీసుకురండి, రక్తంలో చూద్దాం" అన్నారు. మరీ తొందరగా చూస్తే కనబడేది తల్లి యాంటీబాడీలో సొంతవో తెలియదు. అందుకే చివరి టీకా పడి కనీసం నాలుగు వారాలు, వయసు ఇరవై వారాలు దాటాలి.

పరీక్ష చూస్తే ఇంజనీరుకు ముచ్చటేసింది. దువ్వెన పళ్ళలాంటి ప్లాస్టిక్ ముక్క. ఒక్కో పన్ను ఒక్కో కుక్కకు. పన్ను మీద పైన ఒక ప్రమాణ చుక్క, దాని కింద మూడు చుక్కల జాగా. డిస్టెంపర్‌కు ఒకటి, పార్వోకు ఒకటి, కాలేయాన్ని పట్టే అడినోవైరస్‌కు ఒకటి. ఒక్క బొట్టు రక్తం కలిపి, వరసగా ఉన్న గుంటల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి దువ్వెనను మార్చుకుంటూ పోతారు. అర్ధగంట లోపే చుక్కలు బూడిదరంగు తేలతాయి. రంగు ప్రమాణ చుక్కంత ముదురుగా గానీ, ఇంకా ముదురుగా గానీ ఉంటే రక్షణ ఉన్నట్టు. మా ఎర్రదానికి రెండు చుక్కలు నల్లగా వచ్చాయి. మూడోది కనీకనబడనట్టు ఉంది.

పాలిపోయిన ఆ చుక్క పార్వోది.

కార్డు నిండా సంతకాలున్నాయి. గళ్ళన్నీ నిండాయి. అయినా ఆ ఒక్కదానికి ఒళ్ళు పలకలేదు. డాక్టరు చెప్పారు. కొన్ని కుక్కల్లో అరువు యాంటీబాడీలు పదహారు వారాలు దాటినా ఉంటాయి, అలాంటివాటికి ఇంకో మోతాదు సరిపోతుంది. మరికొన్ని పుట్టుకతోనే పలకవు, పార్వోకు అయితే అవి సుమారు వెయ్యికి ఒకటి అని నిపుణుల అంచనా. వాటికి ఎన్నిసార్లు వేసినా లాభం ఉండదు, జబ్బున్న చోట్లకు పోకుండా కాపాడుకోవాల్సిందే. మాది ఏ రకమో తెలియాలి. మళ్ళీ టీకా వేశారు. నాలుగు వారాలు ఇంటి వాకిలి దాటనివ్వలేదు. రెండోసారి చెన్నై పోయి ఆ చుక్క తేలేదాకా మా అమ్మాయి గోళ్ళు కొరుకుతూనే ఉంది. ఈసారి నల్లగా వచ్చింది. తిరుగు దారిలో సూళ్ళూరుపేట దగ్గర ఆపి టీ తాగాం. ఆ టీ రుచి ఇంకా గుర్తుంది.

ఇది పరీక్షకు మొదటి ఉపయోగం, నా దృష్టిలో పెద్ద ఉపయోగం. రెండోదాన్ని పట్నాల్లో ఎక్కువ చెబుతారు. పెద్ద కుక్కలకు ఏటా అన్ని టీకాలూ వేయాలా అన్నది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు దీనినే పరిశీలించారు. పిల్లప్పుడు సరిగ్గా పడితే ఈ మూడు జబ్బులకూ రక్షణ ఏళ్ళ తరబడి, ఏడేళ్ళు పైబడి కూడా ఉంటుందని తేలింది. అందుకే ఈ మూడింటి టీకాను మూడేళ్ళకన్నా తరచుగా వేయనక్కర్లేదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. కావాలంటే మూడేళ్ళకొకసారి టీకాకు బదులు రక్తం చూసి, ఉంటే ఆపుకోవచ్చు.

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మూడేళ్ళకొక టీకా అదనంగా పడినా కొంపలేమీ మునగవు. అవసరం వచ్చేది మా ఎర్రదానిలాంటి వాటికి. 2021లో టీకా వేయించి ఇంటికొచ్చిన గంటకు మూతి ఉబ్బింది, ఒళ్ళంతా దద్దుర్లు. పరుగెత్తి ఇంజెక్షన్ చేయిస్తే సాయంత్రానికి తగ్గింది. మరుసటి ఏడాది ఏం చేయాలి? మానేస్తే పార్వో భయం, వేస్తే ఈ భయం. అప్పుడు దువ్వెన మళ్ళీ అక్కరకొచ్చింది. మూడు చుక్కలూ ముదురుగానే ఉన్నాయి. ఆ మూడింటి టీకా ఆపేశాం. నిరుడు మళ్ళీ చూపిస్తే ఇంకా అలాగే ఉన్నాయి. రేబీస్ మాత్రం విడిగా, ముందు అలర్జీ మందు ఇచ్చి, ఆసుపత్రిలోనే గంట కూర్చోబెట్టి వేశారు. ఏమీ కాలేదు.

రేబీస్ మాత్రం అన్నాను, అక్కడ ఆగాలి. ఈ ప్రసంగం విని ఇంటికి పోయి "మన ఇంజనీరు టీకాలక్కర్లేదన్నాడు, రక్తం చూస్తే చాలన్నాడు" అని ఎవరైనా అంటే నేను ఈ బడి గేటు దాటి మళ్ళీ లోపలికి రాలేను. రేబీస్‌కు కూడా యాంటీబాడీ పరీక్ష ఉంది. ఒక మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు అన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న గీత. కానీ అది టీకాకు బదులు కాదు. కుక్క మనిషిని కరిచినప్పుడు రక్త పరీక్ష కాగితం చూపించి తప్పించుకునే జబ్బు కాదిది. లక్షణాలు బయటపడ్డాక మనిషైనా కుక్కైనా బతకడం దాదాపు ఉండదు. మన దేశంలో, వీధికొక గుంపు తిరిగే మన ఊళ్ళలో, రేబీస్ టీకా గడువుకు గడువు పడాల్సిందే. దుడ్లు లేవన్న మాట కూడా అనొద్దు. ఏటా జూలై 6న, 1885లో పాశ్చర్ ఆ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేసిన రోజున, మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా వేస్తారు. మూడో వరసలో ఉన్న మనవాణ్ణి అడగండి, పద్నాలుగు సూదులంటే ఏమిటో.

పరీక్ష పనికిరానిది ఇంకొకటి ఉంది. మన తీరంలో అది ముఖ్యం. లెప్టోస్పైరోసిస్. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలో, బురదలో ఉండే సూక్ష్మజీవి. వరి మడి, రొయ్యల చెరువు గట్టు, వాన తర్వాత నిలిచిన గుంట, అన్నీ దానికి ఇళ్ళే. 2015 నవంబరు వానలు, 2021లో పెన్నకొచ్చిన వరద గుర్తున్నాయి కదా, అలాంటప్పుడు మనుషులకూ వస్తుంది. దీని టీకా రక్షణ ఏడాది పాటే ఉంటుంది. రక్తంలో యాంటీబాడీలు దానికన్నా ముందే తగ్గిపోతాయి. వాటిని కొలిచి రక్షణ ఉందా లేదా చెప్పలేం. కాబట్టి చెరువు దగ్గర కాపలా ఉండే కుక్కకు డాక్టరు చెబితే ఏటా వేయించడమే. మా బావమరిది ఒకసారి, "మీ ఎర్రదానికి టీకా ఆపినారంట కదా బావా, మా వాటికీ ఆపేస్తా ఉండా" అన్నాడు. నేను మొదటిసారి ఆయన మీద గొంతు పెంచాను. ఫ్లాటులో పడుకునే కుక్క లెక్క వేరు, ఎలుకల మధ్య తిరిగే కుక్క లెక్క వేరు.

పిల్లుల గురించి కూడా చెప్పాలి. పట్టపుపాలెంలో ఎండుచేపల పందిళ్ళ దగ్గర పెరిగిన వాళ్ళకు పిల్లి ఇంటి మనిషే. పిల్లుల్లో పార్వోకు చుట్టమైన జబ్బు ఒకటుంది, పాన్‌ల్యూకోపీనియా. దానికి యాంటీబాడీ పరీక్ష నమ్మదగిందే. కళ్ళు, ముక్కు కారే హెర్పిస్, కాలిసీ వైరస్‌లకు మాత్రం రక్తంలో అంకె చూసి రక్షణ ఇంత అని చెప్పడం కుదరదు. పిల్లుల్లో టీకాలు అనవసరంగా వేయకూడదనడానికి ఇంకో కారణం ఉంది. 1991 నుంచి అమెరికాలో గమనించారు, చాలా అరుదుగా సూది వేసిన చోట కంతి లేచి క్యాన్సరవుతుంది. అరుదు అన్న మాట గుర్తుపెట్టుకోండి. దానికి భయపడి పిల్లికి రేబీస్ టీకా మానేయడం తెలివి కాదు.

మనలో సగం మంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. వాళ్ళకోసం ఒక సంగతి. మా బ్యాచ్‌లోనే ఒకాయన కూతురు పెంచుకున్న పిల్లిని జర్మనీకి తీసుకుపోవాలనుకుంది. టికెట్ కొన్నాక తెలిసింది. యూరపుకు మన దేశం నుంచి కుక్కైనా పిల్లైనా పోవాలంటే ముందు మైక్రోచిప్, తర్వాత రేబీస్ టీకా, టీకా అయిన ముప్పై రోజులకు రక్తం తీసి వాళ్ళు ఒప్పుకున్న లేబరేటరీకి పంపాలి. 0.5 దాటాలి. దాటాక కూడా రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఇక్కడే ఆగాలి. చిప్ లేకుండా ముందే వేసిన టీకా లెక్కలోకి రాదు. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది, పిల్లి నాలుగు నెలలు తాతగారి దగ్గర ఉండి వెనకాల పోయింది. అమెరికా కూడా 2024 ఆగస్టు 1 నుంచి మన దేశంలో టీకా వేయించిన కుక్కలకు ఇలాంటి రక్త పరీక్ష అడుగుతోంది. లేకపోతే ఇరవై ఎనిమిది రోజులు వాళ్ళ క్వారంటైన్‌లో, మన ఖర్చుతో. ఆఫర్ లెటర్ వచ్చిన రోజే చిప్ వేయించమని మీ పిల్లలకు చెప్పండి.

చివరిగా దుడ్ల సంగతి. ఇక్కడ నా అభిప్రాయం పట్నం వాళ్ళకు నచ్చకపోవచ్చు. ఈ పరీక్షకయ్యే ఖర్చు టీకా ఖర్చు కన్నా ఎక్కువ. మన నెల్లూరు నుంచి చెన్నై పోయిరావడం కలిపితే ఇంకా ఎక్కువ. నాలాంటివాడు పెట్టుకోగలడు. పాలెంలో వలల దగ్గర పడుకునే కుక్కకు ఎవరు పెడతారు? అలాంటి కుక్కకు పరీక్ష అడగడం అన్యాయం. ఆ డబ్బుతో పదహారు వారాలు దాటాక ఒక్క టీకా, ఒక రేబీస్ టీకా వేస్తే అది చాలా పుణ్యం. ఎందుకంటే ఆ వయసుకు చాలా పిల్లల్లో అరువు అయిపోయి ఉంటుంది, ఒక్క మోతాదుకే ఎక్కువభాగం పలుకుతాయి. నాలుగు నెలలు దాటిన పిల్లకు ఒక్కటే వేయగలిగే స్తోమత ఉంటే ఆ ఒక్కటీ అప్పుడే వేయించండి. ఈ మాట నాకు 2009లో ఎవరైనా చెప్పి ఉంటే... చెప్పారు. కార్డులో రాసి మరీ ఇచ్చారు. నేను వినలేదు.

రేపు ఉదయం ఏడింటికి మన బడి వెనక వేపచెట్టు కింద టీకాల శిబిరం పెడుతున్నాం. తిరుపతి పశువైద్య కళాశాలలో చదివిన మన జూనియర్లు ఇద్దరు వస్తున్నారు. ఐస్‌బాక్సులు, టీకాలు మా బ్యాచ్ తెస్తుంది. చల్లదనం తప్పిన టీకా కూడా కార్డులో గీతే అవుతుంది తప్ప ఒంట్లో పడదు, కాబట్టి ఆ బాక్సు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. కుక్కను తాడుతో తీసుకురండి. పిల్లిని సంచిలో తేవద్దు, మూతున్న బుట్టలో తెండి. పాత కార్డులుంటే పట్టుకురండి.

అవును సార్, చెప్పండి. వెనక వాళ్ళకు వినబడలేదు, మళ్ళీ చెబుతాను. సైన్సు సారు అడుగుతున్నారు. ఆయన దగ్గర ఎనిమిదేళ్ళ కుక్క ఉందట, కార్డు ఎక్కడో పోయిందట, ఏమేం వేశారో గుర్తులేదట. దానికి రక్తం చూపించాలా, టీకా వేయించాలా అని.

సార్, మీ కుక్కకు ఇంతకుముందు ఎప్పుడూ టీకా పడక ఒళ్ళు ఉబ్బిందీ, దద్దుర్లు వచ్చిందీ లేదు కదా? అయితే పరీక్ష వద్దు. రేపు తీసుకురండి, రెండూ వేయిద్దాం. తర్వాత ఓ గంట వేపచెట్టు కిందే కూర్చుందురు గానీ. కొత్త కార్డు నేనే రాస్తాను. మీరు గీత కొట్టేద్దురు గానీ సార్, ఈసారి.